బాలింత మంచం కింద కుంపటి

భద్రాచలం చుట్టుపక్కల గూడేలలో సంసోను అంటే ఎవరని అడుగుతారు గానీ, పరుపులాయన అంటే మాత్రం ముసలమ్మలు కూడా వేలెత్తి దారి చూపిస్తారు. ట్రాలీ ఆటో మీద పరుపులు తాడేసి కట్టుకుని, ముందు మైకు బిగించుకుని, తన గొంతే రికార్డు చేసి పెట్టుకుని తిరిగేవాడు. "రావాలమ్మా రావాలె! పాత బొంత ఇయ్యుండ్రి, కొత్త పరుపు పట్టుకపోండ్రి!" ఆ గొంతు చర్చిలో పాటకు పనికిరాదని పాస్టరుగారే మర్యాదగా వెనక వరసలో కూర్చోబెట్టారు. గూడేలలో మాత్రం దానికి మంచి గిరాకీ ఉండేది.

వైరా కాలువ గట్టున పుట్టినవాడు. తండ్రి కాలువ మీద తూము తలుపులు ఎత్తి దించే లస్కరు. గోనెసంచి పరుచుకుని పెరిగిన పిల్లవాడికి పరుపు అనే వస్తువు ఒకటి ఉంటుందని తెలుసు గానీ, అది తనలాంటి వాళ్ల వీపుకు తగులుతుందని తెలియదు. పెద్దయ్యాక ఖమ్మం మిర్చి యార్డులో బస్తాలు మోశాడు. ఒకరోజు నడుం పట్టేసి దవాఖానాలో పడ్డాడు. మొట్టమొదటిసారి పరుపు మీద పడుకున్నది అక్కడే. నొప్పితో మూలుగుతూనే పక్కనున్న భార్య రిబ్కాతో అన్నాడట, "ఏమే, పరలోకంల గిట్లాంటియే ఏసుంటరు గావచ్చు." రిబ్కా నవ్వలేక, ఏడవలేక తల తిప్పుకుంది.

బస్తాలు మోసే నడుం ఇక లేదని తెలిశాక రిబ్కా పుట్టిల్లైన భద్రాచలం వచ్చేశారు. ఆమె హాస్టల్లో వంటకు కుదిరింది. ఇతను బకెట్లమ్మాడు, స్టీలు సామాన్లమ్మాడు, చివరికి పరుపుల దగ్గర నిలబడ్డాడు. మిగతావాళ్లు వ్యాపారం చేసినట్టు కాదు, సంసోను పరుపులు అమ్మడమంటే సువార్త చెప్పినట్టు ఉండేది. అమ్మేవాడి నోట అబద్ధముంటే కొనేవాడు ఎక్కడో ఒకచోట పసిగడతాడు. ఇతని నోట అబద్ధం లేదు. వచ్చిన చిక్కంతా అదే.

అడవి ఊళ్లలో పరుపు కొనేముందు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, నిప్పుకు ఆగుతుందా అని. ఎందుకు అడగరు? పొయ్యి ఉన్న గదిలోనే పడక. చలికాలం మంచం పక్కన నెగడు. ఇంట్లో బాలింత ఉంటే మంచం కిందే నిప్పుల కుంపటి, రాత్రీ పగలూ. సంసోను జేబులోంచి కంపెనీ ఇచ్చిన పరుపు ముక్క తీసేవాడు. లైటరు వెలిగించి ముక్కకు ఆనించేవాడు. ముక్క నల్లబడేది గానీ మంట అందుకునేది కాదు. "సూసిండ్రా? నిప్పే జడుసుకున్నది!" అని నవ్వేవాడు. దాంతో బేరం కుదిరేది. వాళ్ల పాత బొంతలు ట్రాలీ ఎక్కి, లారీ షెడ్లలో నూనె తుడిచే గుడ్డలకింద పోయేవి.

ఆగస్టులో ముసురు పట్టిన రోజుల్లో ఖమ్మం నుంచి జస్టిన్ ఫోన్ చేశాడు. పరుపులు సరఫరా చేసే దుకాణం అతనిది.

"సంసోనన్నా, నువ్వు ఎండకాలం నుంచి అమ్ముతున్న నీలిరంగు పరుపులు ఉన్నయ్ గదా, అవన్ని వాపస్ తీస్కోవాలె. కంపెనీ చెప్పింది."

"ఏందిరా, కుట్లు ఊడుతున్నయా?"

"కుట్లు గాదు. పైబట్ట కింద నిప్పుకు ఆగే పొర ఒకటి ఉండాలె. ఒక్కపాలి చేసిన ఆ లాటు సరుకుకు పొర ఎయ్యనే లేదంట. రవ్వ పడితే చాలు, భగ్గుమంటదంట."

"నేను లైటరు పెట్టి సూపెట్టిన గదరా అందరికి!"

"నీకిచ్చిన ముక్క మంచిదే అన్నా. దాంట్ల పొర ఉన్నది. పరుపులల్లనే లేదు."

జస్టిన్ చెప్పాల్సింది చెప్పుకుంటూ పోయాడు. ఇవాళ్టి నుంచే దాని మీద ఎవరూ పడుకోవద్దు. పొయ్యి, కుంపటి, బీడీ, దోమల చుట్ట, ఏదీ దాని దగ్గరికి రానివ్వొద్దు. మూలకు కుట్టిన చీటీ మీద నంబరు చూడాలి. ఆ లాటుదే అయితే చీటీ కత్తిరించి ఫొటో తీసి పంపాలి. ఇంకొకరికి అమ్మకూడదు, ఊరికే కూడా ఇవ్వకూడదు. పీడ విరగడైందని తగలబెట్టకూడదు, ఆ పొగ మంచిది కాదు. కొత్తది రావడానికి నెలన్నరో, రెండు నెలలో.

"అప్పటిదాక వాళ్లు దేని మీద పండుకుంటరు?" అన్నాడు సంసోను.

"అది కంపెనీ రాయలే అన్నా."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ కాలబోయేవి అతని చేతులు కావు, అతన్ని నమ్మిన ఇళ్లు. రిబ్కా అన్నం పెడితే రెండు ముద్దలు కూడా దిగలేదు. "కొంపలు ఏం అంటుకోలే గద ఇంక. పో, పోయి తెచ్చుకో," అంది ఆమె. మాట కటువే గానీ, ట్రాలీ మీదికి టార్పాలిన్ తానే తెచ్చి కప్పింది.

సంసోను మైకులో కొత్తగా గొంతు రికార్డు చేశాడు. "నీలిరంగు పరుపులు వాపస్ ఇయ్యుండ్రి! నిప్పుకు ఆగుతలేవు! వాపస్ ఇయ్యుండ్రి!" అదే గొంతు, అదే రాగం. మనిషికి రాగం మార్చుకోవాలని తోచలేదు. జనానికి వినపడింది రాగమే. మళ్లీ మార్పిడి మేళా వచ్చిందనుకుని చిరిగిన బొంతలు, గోనెసంచులు చంకన పెట్టుకుని ఇళ్లలోంచి ఎదురొచ్చారు. నీలి పరుపులు మాత్రం లోపలే భద్రంగా దాచుకున్నారు. విడమరిచి చెప్పేసరికి గొంతు బొంగురుపోయింది.

పగిడయ్య అనే ఆసామి పరుపు మీద బాసింపట్టు వేసుకుని బీడీ కాలుస్తూ విన్నాడంతా. "లైటరు పెట్టి నువ్వే సూపెట్టినవ్. ఇప్పుడు నువ్వే కాదంటున్నవ్. రేటు పెరిగిందని వాపస్ గుంజుకోబట్టినవ్ గదా?" అన్నాడు. సంసోను ఒట్లు పెట్టుకున్నాడు, దండం పెట్టాడు, చివరికి అతని నోట్లోని బీడీ పీకి బయట పారేసి, అతని కింద నుంచి పరుపు లాగేసుకున్నాడు. పగిడయ్య తిట్టిన తిట్లు ఊరి చివరిదాకా వెంటవచ్చాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, సంసోనుకు మంచి నోరే కొంప ముంచింది.

రోడ్డు పక్క ఊళ్లే ముందు తిరిగాడు. ముసురుకాలం కదా, లోపలి గూడేలలో నెగళ్లు వెయ్యరు, చలికాలం నాటికి వెళ్లొచ్చులే అనుకున్నాడు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఎవరైనా అదే చేస్తారు. కానీ దుమ్ముగూడెంలో ఆశా కార్యకర్త సాయిప్రియ ఎదురై, మైకు విని, ఆటో ఆపించింది.

"అన్నా, తునికిబండకు పోయినవా?"

"పోలే. ఎందుకమ్మా?"

"జంపక్క బిడ్డ యశోదకు ఆడపిల్ల పుట్టింది. దవాఖానల కాన్పు చేసి మొన్ననే ఇంటికి పంపిండ్రు. బొడ్డు గూడ ఊడలే. పిల్లను నీ పరుపు మీదనే పండవెట్టిన్రు. కింద కుంపటి పెట్టిన్రు."

సంసోనుకు జంపక్క బాగా గుర్తుంది. ఎండాకాలంలో లైటరు ఆటను రెండుసార్లు చూపించమన్నది ఆమె ఒక్కతే. ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చి ట్రాలీలో వేసింది. వద్దక్కా, ఒకటి ఉంచుకో అంటే వినలేదు. పోయినేడు ముసురులో యశోద తొలిబిడ్డ చలికి బిగుసుకుని చనిపోయిందని అప్పుడే చెప్పింది. "ఈసారి కింద నిప్పు, మీద మెత్త. సలి ఎటునుంచి వస్తదో సూస్త," అంది. ఆ మాటకు సంసోను పొంగిపోయాడు. తన పరుపు ఒక పసిబిడ్డను కాపాడబోతోందని ఆదివారం చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాడు.

తునికిబండకు వాగు దాటాలి. వాగు మోకాలు దాటి పారుతోంది. ట్రాలీ దిగదని, ఇవతలే ఆపేసి, చీటీ నంబరు పోల్చడానికి వాపస్ తెచ్చిన పరుపొకదాని మూల కోసి సంచిలో వేసుకున్నాడు. సాయిప్రియ చీర ఎగగట్టి ముందు నడిచింది. దేవుణ్ణి తలుచుకోవడానికి కూడా అతనికి మాటలు కుదరలేదు. "కాపాడు, కాపాడు," అన్నదొక్కటే నోట ఆడింది.

ఇల్లు క్షేమంగానే ఉంది. తడిక సందుల్లోంచి బాలింతకు వేసే వావిలాకు పొగ వస్తోంది. ఆ పొగ చూసి సంసోను పరుగందుకున్నాడు. తడిక అవతల నులక మంచం, మంచం మీద నీలిరంగు పరుపు, దానిమీద యశోద, ఆమె పక్కన గుడ్డల మూట అంత బిడ్డ. మంచం కింద మట్టి కుంపటిలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. పరుపు అంచు ఒకటి కిందికి వేలాడుతోంది.

"జంపక్కా! పరుపు తియ్యి! ముందు పరుపు తియ్యి!"

జంపక్క బయటికి వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది. "అరవకు తమ్మీ. పురుటిల్లు. మొగోడు లోపలికి రావద్దు. ఏమయిందో మెల్లగ చెప్పు."

చెప్పాడు. సాయిప్రియ కూడా చెప్పింది. జంపక్క చివరిదాకా విని, సందేహం తీరని పిల్లలా అతని ముఖంలోకి చూసింది.

"నువ్వు లైటరు పెట్టినవ్ గద. రెండుసార్లు పెట్టినవ్. నేను ముట్టి సూసిన. కాలలే."

"అది వేరే ముక్క అక్కా. నాకే తెల్వదు. నన్నే మోసం చేసిన్రు."

"కంపెనోడు నాకు తెల్వదు. నువ్వు తెలుసు. నీ మాట మీద కొన్న." ఆమె గొంతులో కోపం లేదు. అదే సంసోనును ఎక్కువ కోసింది. "పురుడు కడిగేదాక పక్క కదపొద్దు. కడిగినంక వాపస్ తీస్కపో."

"అయితే కుంపటి తియ్యి. పురుడు కడిగేదాక నిప్పు వద్దు."

"నిప్పు తీస్తే పిల్లేం గావాలె?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంసోను సంచిలోంచి పరుపు మూల తీశాడు. "అక్కా, ఇటు సూడు. ఇది నీ పరుపు లాటుదే. చీటీ సూడు, నంబరు సూడు." జంపక్కకు నంబర్లు అక్కర్లేదు. అప్పుడతను వాకిట్లోకి పరుగెత్తి, ఆ ముక్కను తడి బండ మీద పెట్టి లైటరు అంటించాడు.

మెల్లగా కాదు, ఒక్కసారే అంటుకుంది. కాలుతున్న చుక్కలు బండ మీదికి జారి అక్కడా మండాయి. నల్లటి పొగ ముసురులో పైకి పోలేక వాకిలంతా కమ్మింది. సంసోను మట్టి పోసి తొక్కేసరికి చెప్పు అడుగు కరిగి బండకు అంటుకుంది. దగ్గుతూ తల ఎత్తి చూస్తే గడపలో జంపక్క లేదు.

లోపల కూతురితో వాళ్ల భాషలో ఏదో అరుస్తోంది. యశోదను లేపింది, బిడ్డను చంకలోకి తీసుకుంది, ఒంటిచేత్తో పరుపు లాగి తడిక అవతలికి విసిరేసింది. పరుపు బురదలో పడింది. సంసోను దాన్ని పట్టుకుని వాకిలి చివరికి ఈడ్చుకుపోయి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఏడ్చాడు. స్తోత్రం, స్తోత్రం అన్నాడు. పని అయిపోయిందనుకున్నాడు పాపం.

యశోద ఉత్త నులక మీద కూర్చుని వణుకుతోంది. పురిటి పచ్చి ఒళ్లు. నులక సందుల్లోంచి వేడి ఒక పక్క వస్తోంది, చలిగాలి ఇంకోపక్క తడికలోంచి కొడుతోంది. బిడ్డ ఏడవటం మొదలుపెట్టింది, కాసేపటికి ఆ ఏడుపు సన్నబడింది. బిడ్డ ఏడుపు సన్నబడగానే జంపక్క ముఖం మారిపోయింది.

"ఒక బొంత తెచ్చిపెట్టు తమ్మీ. ఎవరింట్లనన్న అడుగు."

సంసోను ఒంటికాలి చెప్పుతో గూడెమంతా తిరిగాడు. తలుపు తలుపుకూ పోయి అడిగాడు. ఎవరూ లేదనే మనసున్నవాళ్లు కాదు. కానీ ఏ ఇంట్లో చూసినా నీలి పరుపే. బొంతలన్నీ ఎండాకాలంలోనే అతని ట్రాలీ ఎక్కి వెళ్లిపోయాయి. "నువ్వే పట్టుకపోతివి గద," అన్నారు ఒకరిద్దరు, దెప్పడానికి కాదు, జ్ఞాపకం చెయ్యడానికి. దొరికినవి ముసురుకు చెమ్మెక్కిన గోనెసంచులు, ఒక పల్చటి చీర. వాటిని బిడ్డ వీపుకు తగిలించలేం. సాయిప్రియ ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కి వచ్చింది, సిగ్నల్ లేదు. వాగు ఇప్పుడు నడుము లోతుకు వచ్చిందని కూడా చెప్పింది. పచ్చి బాలింతను, ఇంకా పేరు పెట్టని బిడ్డను ఆ నీళ్లలో దించమని ఎవరు చెబుతారు? వాగు అవతల మాత్రం సంసోను ట్రాలీ నిండా, టార్పాలిన్ కింద పొడిపొడిగా, పరుపులున్నాయి. ఒక్కటీ పనికిరాదు.

తిరిగి వచ్చేసరికి జంపక్క వాకిట్లో ఉంది. బురదలోని పరుపును తిరగేసి, పొడిగా ఉన్న వైపు పైకి తెచ్చి, ఒక అంచు పట్టి ఇంటివైపు లాగుతోంది.

"అక్కా! ఏం చేస్తున్నవ్?"

"లోపలేస్త."

"కళ్లారా సూసినవ్ గద! ఎట్ల అంటుకున్నదో సూసినవ్ గద!"

"సూసిన."

సంసోను రెండో అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ ఆ ముసురులో పరుపును చెరోవైపూ లాగారు. మిర్చి బస్తాలు మోసిన చేతులే, అయినా ఆమె చేతుల్లోంచి లాక్కోలేకపోయాడు. లాక్కుని ఏం చేస్తాడు? బిడ్డ ఏడుపు ఇప్పుడు పిల్లికూన మూలుగులా ఉంది. ఈ ఇంట్లో నిప్పుకు భయపడాలో, చలికి భయపడాలో చెప్పగలిగినవాడు ఆ జిల్లాలో లేడు. సంసోను చేతులు వదిలేశాడు.

"అయితే ఒక్కటి చెయ్యి అక్కా. నీ కాళ్లు మొక్కుత. కుంపటి మంచం కింద పెట్టకు. జరుపు."

జంపక్క పరుపు వేసి, కూతురిని పడుకోబెట్టి, బిడ్డను కూతురి కడుపుకు ఆనించి, వేలాడే అంచును మంచంపైకి మడిచింది. కుంపటిని చీరకొంగుతో పట్టుకుని మంచం కింద నుంచి బయటికి లాగి గోడవారగా పెట్టింది. మూరెడు దూరం. గదిలో అంతకంటే చోటు లేదు.

సంసోను బోరింగు దగ్గరికి వెళ్లి బిందె నింపుకొచ్చి గడప మీద పెట్టాడు. ఇంకో బిందె తెచ్చాడు. మూడోది ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. సాయిప్రియ వాగు చూసి వచ్చి, ఇప్పుడు దాటకపోతే ఇక దాటలేమంది.

"నువ్వు పో అమ్మా," అన్నాడు సంసోను. "నేనుంట. జంపక్క కునుకు తీస్తే నిప్పును సూసేటోళ్లెవరు?"

జంపక్క లోపల కుంపటికీ మంచానికీ మధ్య ఉన్న ఆ మూరెడు జాగాలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వీపు నిప్పుల వైపు, ముఖం బిడ్డ వైపు. అతని మాట విని తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

"నువ్వు గూడ పో తమ్మీ. మిగిలిన ఇండ్లు సూసుకో. పోయినేడు నేను గిట్లనే పిల్ల పక్కన కూసున్న. జర కన్నంటుకుంది. తెరిసేసరికి పిల్ల సల్లవడ్డది. అప్పటి సంది నాకు నిద్ర లేదు. ఇయ్యాల మాత్రం ఎక్కడ్నుంచి వస్తది?"